అటక దిగిన గ్రైండర్: లాక్‌డౌన్ నాటి నుంచి నేటి దాకా

మా ఇంట్లో రెండు లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండర్ ఒకటి ఉంది. మా తమ్ముడు కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2016లో, అక్కడ కొని, రైల్లో మోసుకొచ్చి, విశాఖపట్నం సీతమ్మధారలోని మా ఫ్లాటులో దింపి వెళ్ళాడు. వచ్చిన కొత్తలో రెండుసార్లు వాడాను. పన్నెండు కిలోల బరువును ప్రతిసారీ వంటగది గట్టు మీదికి ఎత్తడం, రుబ్బడం అయ్యాక రాళ్ళు కడిగి ఆరబెట్టడం, మళ్ళీ దించడం నా వల్ల కాదనిపించి అటక ఎక్కించేశాను. నాలుగేళ్ళు అది అక్కడే, పాత సూట్‌కేసుల వెనక ఉండిపోయింది. 2020 మార్చి నెలాఖరులో కిందికి దిగింది. అప్పటి నుంచి మళ్ళీ అటక ఎక్కలేదు.

మిక్సీ ఉండగా మళ్ళీ గ్రైండర్ ఎందుకని మా బంధువుల్లో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలంటే లాక్‌డౌన్ రోజుల గురించి చెప్పకుండా కుదరదు, ఎందుకంటే ఈ యంత్రం విలువ నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఈ రకం గ్రైండర్లు దాదాపు అన్నింటికీ వర్తిస్తాయి.

మార్చి 22, ఆదివారం జనతా కర్ఫ్యూ. అంతకు కొద్ది రోజుల ముందే అల్లిపురంలో నగరంలోని తొలి కరోనా కేసు బయటపడింది. ఆ ఆదివారం సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 24వ తేదీ రాత్రి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు శార్వరి నామ సంవత్సర ఉగాది. వేపపువ్వు మా అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కనున్న చెట్టు నుంచి వాచ్‌మన్ కోసి ఇచ్చాడు, మామిడికాయ పక్క ఫ్లాటువాళ్ళు ఇచ్చారు, కొత్త బెల్లం మాత్రం దొరకలేదు. పండుగ అలా గడిచిపోయింది. అసలు ఇబ్బంది మర్నాటి నుంచి మొదలైంది.

మాది నలుగురి కుటుంబం. నేను ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మావారు ఓడరేవు సరుకు రవాణాకు సంబంధించిన ఒక ఆఫీసులో పనిచేస్తారు. ఓడరేవు పని ఆగలేదు కాబట్టి ఆయన పాసు పట్టుకుని రోజు విడిచి రోజు వెళ్ళి వచ్చేవారు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. మా అత్తగారికి అప్పటికే డెబ్బై రెండేళ్ళు, చక్కెర వ్యాధి ఉంది, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. లాక్‌డౌన్‌కు ముందు వారంలో నాలుగు రోజులు మా వీధి చివరి టిఫిన్ బండి నుంచి ఇడ్లీలు తెచ్చుకునేవాళ్ళం, మిగిలిన రోజులు కొట్లో అమ్మే దోసెల పిండి ప్యాకెట్టుతో సరిపెట్టుకునేవాళ్ళం. బండి ఆగిపోయింది, పిండి ప్యాకెట్లు రావడం మానేశాయి. వరసగా ఆరు రోజులు ఉప్మా చేశాను. ఏడో రోజు పొద్దున్న మా అత్తగారు కంచం ముందు కూర్చుని, ఏమీ అనకుండా, రెండు ముద్దలు తిని లేచిపోయారు. ఆవిడ కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మొదటి పది రోజుల్లో మా ఇంట్లో జరిగిన గొడవలన్నీ ఉదయం ఏడుకూ పదికీ మధ్యనే జరిగాయి. మావారికి తప్ప ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు, అందుకని ఎవరూ ఒక వేళకు లేవరు, స్నానం పదకొండుకు, టిఫిన్ ఎవరికి వారు వచ్చినప్పుడు. మార్చి 31న మొదలు కావలసిన పదో తరగతి పరీక్షలు వాయిదా పడ్డాయి, కొత్త తేదీ చెప్పలేదు. రెండేళ్ళుగా పరీక్షల కోసమే లేచి, పరీక్షల కోసమే పడుకున్న పిల్ల ఒక్కసారిగా పుస్తకం ముట్టుకోవడం మానేసింది. చదవమంటే ఎప్పటికోసమని అడిగేది. దానికి నా దగ్గర సమాధానం లేదు. సమాధానం లేనప్పుడు తల్లులు గొంతు పెంచుతారు, నేనూ పెంచాను.

ఉదయం ఆరు నుంచి కొన్ని గంటలపాటే నిత్యావసరాల కొట్లు తెరిచేవారు. మాస్కు కట్టుకుని, సున్నంతో గీసిన గళ్ళలో నిలబడి, నా వంతు వచ్చేసరికి ఇడ్లీ రవ్వ అయిపోయిందని, మినపగుళ్ళు రాలేదని, పొట్టు మినప్పప్పు మాత్రం మనిషికి ఒక కిలో ఇస్తామని కొట్టతను చెప్పాడు. ఆ కిలో తెచ్చాను. సంచి చూసిన మా అత్తగారి ముఖం వెలిగింది. "పొట్టు పప్పా? ఇంకేం, మంచిది దొరికింది. మీ తమ్ముడిచ్చిన గ్రైండర్ ఉండాలి కదమ్మా, దించు" అన్నారు. ఆవిడ పెళ్ళయి భీమునిపట్నంలో కాపురం పెట్టినప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు రుబ్బురోలు మీదే రుబ్బారు. పప్పును చూస్తే ఎంత నీరు పీలుస్తుందో చెప్పగలరు.

నాలుగేళ్ళు అటక మీద పడి ఉన్న గ్రైండర్‌ను వెంటనే వాడకూడదు. గిన్నె అడుగున అమర్చిన రాయికి, తిరిగే పొత్రాలకు సన్నని గరుకు ఉంటుంది, ఆ గరుకులో దుమ్ము, పాత పిండి జిడ్డు పట్టి ఉంటాయి. గుప్పెడు బియ్యం, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి, నీళ్ళు పోసి పది నిమిషాలు తిప్పి పారబోశాం. బూడిద రంగు నీళ్ళు వచ్చాయి. రెండోసారి తిప్పితే తెల్లగా వచ్చాయి గానీ వాసన పూర్తిగా పోలేదు, మూడోసారికి పోయింది. కొత్తది కొన్నవాళ్ళు కూడా ఈ పని తప్పకుండా చేయాలి, లేకపోతే మొదటి వాయి ఇడ్లీల్లో రాతిపొడి పంటి కింద పడుతుంది.

ఈ యంత్రం పనితీరు మన రుబ్బురోలుకు తిరగేసిన రూపం. రుబ్బురోలులో రోలు కదలదు, పొత్రాన్ని చేత్తో తిప్పుతాం. ఇందులో గిన్నె తిరుగుతుంది, పొత్రాలు ఒక ఇరుసుకు తగిలించి ఉన్న చోటనే దొర్లుతాయి. గిన్నె అంచుకు ఎక్కిన పిండిని ఒక పలక గీకి మళ్ళీ రాళ్ళ మధ్యకు తోస్తుంది. కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి 1955లో విద్యుత్తుతో తిరిగే తొలి గ్రైండర్ తయారుచేశారని చెబుతారు. ఆ ఊళ్ళో ఈ పరిశ్రమ ఎంతగా పెరిగిందంటే కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా దాని మోటారు 150 వాట్లది. నలభై నిమిషాలు ఆపకుండా తిరిగినా కరెంటు యూనిట్‌లో పదో వంతే ఖర్చవుతుంది. అంతసేపు తిరిగినా పిండి పెద్దగా వేడెక్కదు, అసలు సంగతి అదే. మిక్సీ బ్లేడు పప్పును తరుగుతుంది, రాయి నలుపుతుంది. నలిగిన మినప్పప్పులోని జిగురూ మాంసకృత్తులూ కలిసి గాలి బుడగలను పట్టి ఉంచుతాయి, ఆ తరువాత రాత్రంతా బ్యాక్టీరియా విడిచే వాయువు ఆ జిగురులో చిక్కుకుని పిండి పొంగుతుంది. వేడెక్కిన పిండిలో ఇదంతా సరిగా జరగదు.

ఇడ్లీ రవ్వ లేదు కాబట్టి ఇంట్లో ఉన్న బియ్యాన్నే నానబెట్టి, బరకగా రుబ్బి, రుబ్బిన మినప్పిండిలో కలిపాం. రవ్వ దొరికాక మళ్ళీ రవ్వకు మారాం, ఒకటికి రెండు గ్లాసుల లెక్కన. పొట్టు పప్పును నాలుగు గంటలు నానబెట్టి, రెండు చేతుల మధ్య నలిపి, పొట్టు తేలేలా నీళ్ళు వంచుతూ కడగాలి. మొత్తం పొట్టు పోనక్కరలేదని, కాస్త ఉంటేనే పిండి బాగా పులుస్తుందని మా అత్తగారు చెప్పారు. నిజంగానే గుళ్ళతో చేసినదానికన్నా అది బాగా పొంగింది. రుబ్బేటప్పుడు నీళ్ళు ఒకేసారి పోయకూడదు, అయిదు నిమిషాలకోసారి కొద్దికొద్దిగా పోయాలి. ఇరవై అయిదు నిమిషాలు దాటాక పిండి రెట్టింపు అయి వెన్నలా తేలుతుంది. ఒక చుక్క తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే మునగకుండా తేలాలి. ఆ చుక్క తేలడం చూడడానికి మా అమ్మాయి మొదటిసారి తన గదిలోంచి పిలవకుండానే వచ్చింది.

మొదటి వాయి ఇడ్లీలు ఎలా వచ్చాయో ఇక్కడ పొగడను. కొంచెం చదునుగా వచ్చాయి, ఉప్పు తగ్గింది. మా అత్తగారు మాత్రం అయిదు తిన్నారు.

ఈ గ్రైండర్ మా ఇంటికి చేసిన అసలు మేలు రుచిలో లేదు. అది మాకు వేళలు తెచ్చిపెట్టింది. మధ్యాహ్నం మూడింటికి పప్పు నానబెట్టాలి. నానబెట్టడం మరిచిపోతే రాత్రి రుబ్బలేం, రాత్రి రుబ్బకపోతే పొద్దున్న పిండి ఉండదు. ఏడున్నరకు కడగాలి, ఎనిమిదికి రుబ్బాలి. విశాఖలో ఏప్రిల్ నెల ఉక్కకు పిండి అయిదారు గంటల్లోనే పొంగిపోతుంది, కాబట్టి తెల్లవారుజామున ఎవరో ఒకరు లేచి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే గట్టంతా పిండి. ఆ పని మా అమ్మాయి తనంతట తానే తీసుకుంది. అయిదింటికి అలారం పెట్టుకుని లేచేది, లేచాక మళ్ళీ నిద్ర పట్టేది కాదు, పుస్తకం తీసేది. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పదో తరగతి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టాక అవీ చూసేది. నేను ఎంత అరిచినా జరగని పని పిండి గిన్నె వల్ల జరిగింది. ఎనిమిదింటికి నలుగురం ఒకేసారి టిఫినుకు కూర్చోవడం మొదలయ్యాక, పొద్దుటి గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను గానీ, రోజుకు ఒకటి చొప్పున ఉన్నవి వారానికి ఒకటయ్యాయి. ఒక రోజు ఇడ్లీ, ఒక రోజు అట్లు, పులిసిన మూడో రోజు పిండితో దిబ్బరొట్టె, ఆదివారం పెసరట్టు అని మా అత్తగారు క్యాలెండర్ మీద రాయించారు. ఏ వారమో కూడా తెలియకుండా రోజులు గడుస్తున్న కాలంలో మాకు ఆ క్యాలెండర్ వల్లే వారం పేరు గుర్తుండేది.

ఇక శబ్దం సంగతి. ఈ యంత్రం చేసే శబ్దం మిక్సీ అరుపులాంటిది కాదు. రాళ్ళు దొర్లే బరువైన గరగర, దానితోపాటు మోటారు సన్నని మోత. కానీ మిక్సీ రెండు నిమిషాల్లో ఆగుతుంది, ఇది అరగంట తిరుగుతుంది. చిన్న ఫ్లాటులో అరగంట చాలా ఎక్కువ. నేను ఫోన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే వేళ, మావారు ఆఫీసువాళ్ళతో మాట్లాడే వేళ, అత్తగారు టీవీలో తిరిగి వేస్తున్న పాత పౌరాణిక ధారావాహికలు చూసే వేళ తప్పించి రుబ్బుకోవలసి వచ్చేది. ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలపాటు దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించమన్నప్పుడు, ఆ రోజు పప్పు ఆలస్యంగా నానబెట్టడం వల్ల సరిగ్గా రుబ్బుతున్న సమయం అది. ఆర్పమన్నది లైట్లే కాబట్టి గ్రైండర్ ఆపలేదు. బాల్కనీలో ప్రమిదలు పెట్టి నిలబడ్డాం, ఎదుటి అపార్ట్‌మెంట్లలో అంతస్తు అంతస్తుకూ దీపాలు, చీకటి వంటగదిలోంచి రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆ రాత్రి నాకు ధైర్యంగా అనిపించింది. కింది అంతస్తువాళ్ళు మర్నాడు మీ ఇంట్లో రుబ్బుతున్నారా అని అడిగారు. వాళ్ళ పప్పు కూడా మా దాంట్లో రుబ్బి ఇవ్వడం అప్పుడు మొదలైంది. గుమ్మం దగ్గర గిన్నె పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయేవారు, రుబ్బాక మేము అలాగే వాళ్ళ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాళ్ళం.

ఏప్రిల్ 16న బెల్టు తెగింది. మోటారు తిరుగుతోంది, గిన్నె కదలడం లేదు, రబ్బరు కాలిన వాసన. నాలుగేళ్ళు అటక మీద వేడికి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, దాని మీద ఒకేసారి రెండు ఇళ్ళ పప్పు పడింది. తప్పు కొంత నాది. బెల్టు ధర వంద రూపాయలకు అటూ ఇటూ ఉండే వస్తువు, కానీ ఆ రోజుల్లో డబ్బు పెట్టినా దొరకదు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే లాక్‌డౌన్ ముగిశాక సంప్రదించమని రికార్డు చేసిన గొంతు వినిపించింది. ఇంటర్నెట్‌లో కొందామంటే నిత్యావసరాలు తప్ప వేరేవి పంపడం లేదు. మాకు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మెకానిక్ దుకాణం మూసి ఉంది, అతను సొంత ఊళ్ళో చిక్కుకుపోయాడని తెలిసింది. అతను వీడియో కాల్‌లో అడుగు పలక ఎలా విప్పాలో, ఏ మరలు ముందు తీయాలో ఓపిగ్గా చూపించాడు. తెగిన బెల్టు మీద అచ్చువేసిన అంకెలు చదివించుకుని రాసుకున్నాడు. కొత్తది వచ్చేదాకా అంతకు మించి చేయగలిగింది లేదు.

ఆ పద్దెనిమిది రోజులు మిక్సీలో రుబ్బాం కాబట్టి రెండింటికీ తేడా నేను రుజువుగా చెప్పగలను. మాది 750 వాట్ల మిక్సీ. రెండు గ్లాసుల పప్పు నాలుగు విడతలుగా వేయాలి, విడతకు విడతకు మధ్య మోటారు చల్లారనివ్వాలి. జారు లోపల పిండి గోరువెచ్చగా అవుతుంది, చల్లటి నీళ్ళు, ఐసు ముక్కలు వేసి ఆ వేడి తగ్గించవచ్చు. మెత్తదనంలో లోటు రాలేదు. కానీ అదే పప్పు, అదే కొలత వేసినా గిన్నెలో పిండి మూడింట రెండు వంతులే లేచింది. మెత్తగా నలగాలని నీళ్ళు ఎక్కువ పోయడంతో ఇడ్లీ పలుచబడింది, నీళ్ళు తగ్గిస్తే గట్టిగా వచ్చింది. అట్లకు మాత్రం మిక్సీ పిండి ఏ లోపమూ లేకుండా సరిపోయింది, పెసరట్టుకు మిక్సీయే నయం. గారెలకు మిక్సీ పిండి నూనె పీల్చింది. కాబట్టి అట్లు, పెసరట్లు ఎక్కువ తిని, ఇడ్లీ, గారెలు నెలకోసారి చేసుకునే ఇంటికి గ్రైండర్ అక్కరలేదని నేను నిస్సందేహంగా చెబుతాను.

మే 1న కేసుల తీవ్రతను బట్టి కేంద్రం ప్రకటించిన జాబితాలో విశాఖపట్నం జిల్లా ఆరెంజ్ జోన్‌లోకి, అంటే మధ్యరకం తీవ్రత ఉన్న జిల్లాల్లోకి, వచ్చింది. 4వ తేదీ నుంచి కొన్ని సడలింపులు వచ్చాయి. మా మెకానిక్ ఎలాగో నగరానికి చేరుకుని దుకాణం సగం షట్టరు ఎత్తాడు. అతని దగ్గర ఆ కొలత బెల్టు పాత సరుకులో ఒకటే ఉంది, మా కోసం పక్కన పెట్టాడు. ఇంటి లోపలికి రావడానికి అతనికీ భయమే, మాకూ భయమే. మావారు యంత్రాన్ని స్కూటరు మీద తీసుకెళ్తే రోడ్డు మీదే బెల్టు మార్చి ఇచ్చాడు. ఇంకో రెండు వందలు తీసుకోమన్నా తీసుకోలేదు. మరుసటి రోజే, మే 6 సాయంత్రం, రెండు గ్లాసుల పప్పు రుబ్బి, నాలుగు గ్లాసుల రవ్వ కలిపి, రెండు రోజులకు సరిపోతుందని మూత పెట్టి పడుకున్నాం.

తెల్లవారి నాలుగున్నరకు మా ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్ళది గోపాలపట్నం. ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకై, జనం చీకట్లో ఎటు దారి కనిపిస్తే అటు పరుగెడుతున్నారని, తామూ బయటికి వచ్చేశామని దగ్గుతూ చెప్పింది. ఆరింటికల్లా ఆమె, మా అన్నయ్యగారు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పక్కింటి పెద్దావిడ మా ఇంటికి చేరారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, కట్టుబట్టలతో వచ్చారు. నెలన్నర రోజులుగా బంధువులు ఎవరూ గుమ్మం దాటి లోపలికి రాలేదు, ఆ ఉదయం మాత్రం ఎవరమూ ఆరడుగుల దూరం గురించి ఆలోచించలేదు. స్నానాలు చేయించి, బట్టలు మార్పించి, పిల్లలను పడుకోబెట్టాం. టీవీలో చూపిస్తున్న దృశ్యాలు చూడలేక మా అత్తగారు కట్టేయమన్నారు. ఆ ప్రమాదంలో 12 మంది ప్రాణాలు పోయాయి.

మా అమ్మాయి రోజూలాగే అయిదింటికి లేచి పిండి ఫ్రిజ్‌లో పెట్టింది. ఎనిమిదింటికి నేను పొయ్యి వెలిగించాను. రెండు గ్లాసుల పప్పుకు నలభై ఎనిమిది ఇడ్లీలు వచ్చాయి. తొమ్మిది మందిమి తిన్నాం. రెండు లీటర్ల గ్రైండర్ ఎంతమందికి సరిపోతుందని అడిగేవాళ్ళకు నేను చెప్పే లెక్క ఆ ఉదయం నుంచి వచ్చినదే: సగం గిన్నె పప్పుతో తొమ్మిది మంది. ఏమీ తిననని గోడవైపు తిరిగి పడుకున్న మా ఆడపడుచు చిన్న కొడుకు, వాళ్ళ అమ్మమ్మ ఇడ్లీ తుంచి చెట్నీలో అద్ది నోటికందిస్తే, పడుకునే మూడు తిన్నాడు. ఆ అర్ధరాత్రి మళ్ళీ లీకైందన్న వదంతితో ఆ చుట్టుపక్కల జనం రోడ్ల మీదికి వచ్చేశారు. మావాళ్ళు అయిదు రోజులు మా దగ్గరే ఉన్నారు, గ్రైండర్ ఆ అయిదు రోజులూ రోజూ తిరిగింది. కొత్త బెల్టు నిలిచింది.

దీనిలోని లోపాలు కూడా వివరంగా చెప్పాలి. బరువు మొదటి లోపం. శాశ్వతంగా గట్టు మీద చోటు ఇవ్వగలిగితేనే కొనండి, ప్రతిసారీ ఎత్తి దించవలసి వస్తే ఏడాదిలో అటక ఎక్కుతుంది. మాకు చోటు కుదరక బియ్యం డబ్బాను హాల్లోకి మార్చి ఆ మూల దీనికిచ్చాం. శుభ్రం చేయడం రెండో లోపం. పొత్రాల మధ్య రంధ్రంలో, గీకే పలక కింద పిండి దాక్కుంటుంది, వెంటనే కడగకపోతే రాయిలా ఎండుతుంది. పొత్రాలను తడి మీద మూసిపెడితే రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది, ఎండలో కాకపోయినా గాలి తగిలేచోట ఆరబెట్టాలి. తక్కువ మోతాదు రుబ్బలేకపోవడం మూడోది. అరగ్లాసు పప్పు వేస్తే రాళ్ళకు అందక గోడకు అంటుకుని తిరుగుతుంది, పచ్చళ్ళకు పనికిరాదు. మూత సరిగా బిగియకపోవడం మా దానికి ప్రత్యేకమైన లోపం, రుబ్బేటప్పుడు చెయ్యి పెట్టి నీళ్ళు చిలకరించే అలవాటున్నవాళ్ళు గాజులు, చీర కొంగు జాగ్రత్తగా చూసుకోవాలి. గిన్నె తిరుగుతుండగా నేను చెయ్యి పెట్టను, చిన్న గ్లాసుతో పోస్తాను, పిల్లలకు కూడా అదే నేర్పాను. గిన్నెను పక్కకు వంచి పిండి తీసుకునే రకం, దాన్నే టిల్టింగ్ అంటారు, మణికట్టు నొప్పులున్నవారికి మేలు. మాది గిన్నె మొత్తం ఎత్తి తీసే రకం, పిండితో సహా ఎత్తడం ఇప్పుడు నాకు కష్టంగానే ఉంది.

2021 మేలో, మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో, మావారికి కోవిడ్ వచ్చి పద్నాలుగు రోజులు లోపలి గదిలో ఉన్నారు. నాలుకకు రుచి తెలియడం లేదని ఏదీ తినేవారు కాదు. మెత్తగా గొంతు దిగుతుందని ఇడ్లీ ఒక్కటే తినేవారు. అప్పటికి మా అమ్మాయికి పప్పు కొలత, నీళ్ళ కొలత అన్నీ వచ్చేశాయి, నేను గది బయట కూర్చుని ఆక్సీమీటరు అంకెలు రాసుకుంటుంటే వంటగది మొత్తం తనే చూసుకుంది. పరీక్షల సంగతి చెప్పడం మరిచాను. 2020 జూన్ 20న పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, రాయని పరీక్షకు పాసైంది. ఆ రోజు రెండు గంటలు ఏడ్చింది. ఆ ఏడుపు మాకు అర్థమైంది, ఎవరమూ ఊరుకోమనలేదు.

కొనాలనుకునేవారికి రెండు మాటలు. నలుగురైదుగురున్న ఇంటికి రెండు లీటర్లు చాలు, ఒకటిన్నర లీటరుది కొంటే బంధువులు వచ్చినప్పుడు చాలదు. దాబాగార్డెన్స్ ప్రాంతంలోని గృహోపకరణాల దుకాణాల్లో నాలుగైదు రకాలు పక్కపక్కనే పెట్టి ఉంటాయి, నేను ఈ మధ్య మా చెల్లెలి కోసం చూసినప్పుడు నాలుగు వేల నుంచి ఏడు వేల దాకా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కొంటే తగ్గవచ్చు గానీ, రాయి అంచులు చేత్తో తడిమి, ఖాళీగా ఒక నిమిషం తిప్పించి, చప్పుడు విని కొనడం మంచిది. ఆ కంపెనీ బెల్టు, గీకే పలక మన ఊళ్ళో విడిగా దొరుకుతాయా అని దుకాణంలో తప్పకుండా అడగండి, దొరకవంటే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు.

మా మెకానిక్ దగ్గర ఆ ఏడాది జూన్‌లోనే ఇంకో రెండు బెల్టులు కొని పెట్టాను. ఒకటి 2023లో వాడాం. రెండోది ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతోంది. అటక మీదికి వెళ్ళకూడదని, దానికి కాగితం చుట్టి, కొలత అంకెలు, మెకానిక్ చూపించిన మరల వరస మా అమ్మాయి రాసి పెట్టింది. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా బ్యాగు కింద పెట్టి, ముందు ఆ బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తుంది, రబ్బరు గట్టిపడిందేమోనని.